లహ్సెన్ దగ్గు

"ఇత్తో అక్కా! మీ ఆయన దగ్గు రొట్టెల బట్టీ దాకా వినిపిస్తోందే! కాసిన్ని మంచినీళ్ళయినా పట్టవే తల్లీ!"

వీధి చివర్నించి రభా వేసిన కేక అది. నీళ్ళు తాగడానికి లహ్సెన్ ఉంటేగా! కిందటి చలికాలమే మట్టిలో కలిశాడు. ఇత్తో పక్క ఊరికి పెళ్ళికెళ్ళిన రాత్రి కిటికీ సందుల్లో ఉన్ని కుక్కి, కుంపటి పక్కన పెట్టుకుని పడుకున్నాడు. కొండల మీది ఆ అజ్రూ ఊళ్ళో మంచు పడితే అందరూ చేసే పనే. తెల్లారేసరికి కుంపట్లో ఇంకా నిప్పుంది, మనిషి లేడు.

అప్పట్నించీ గోడల్లో దగ్గుతున్నాడు. ఎక్కడ సందుంటే అక్కడ. "ఇవాళ కాస్త తగ్గిందా?" అని వీధిలో వాళ్ళు అడుగుతారు. "ఏం తగ్గడం, పొద్దున్నించీ అదే పని," అంటుంది ఇత్తో, కాస్త గర్వంగానే.

ఇప్పుడు కూతురు తూదా పురిటికొచ్చింది. పసిగుడ్డుకి వారమైనా నిండలేదు, బయట మోకాలి లోతు మంచు. కుంపటి మాటెత్తితే ఇత్తో వణికిపోతుంది. అందుకని మరిది మొహా, తాపీ మేస్త్రి, గోడలో పొగగొట్టం దింపి చలి కాచుకునే పొయ్యి కట్టాడు. ఇక మిగిలింది పొగ గదిలోకి కారే సందులు మూయడం.

మొహా పొయ్యిలో తడిగడ్డి రాజేసి, గోడకి చెవి ఆనించేవాడు. అన్న ఎక్కడ దగ్గితే అక్కడ బూడిద కలిపిన మట్టిముద్ద కొట్టేవాడు.

"ఇక్కడా? సరే అన్నా, ఇంకెక్కడ?"

దగ్గు గొట్టం అతుకు దగ్గరికి పోయింది. అక్కడా మూశాడు.

"బతికుండగా ఒక్క ఇటుక అందించిన పాపాన పోలేదు. ఇప్పుడు చూడు వదినా, ఎంత పనిమంతుడయ్యాడో!"

ఇత్తో నవ్వలేదు. ఒక్కో సందూ మూసుకుపోతుంటే ఇంట్లో ఆయనకి చోటు తరిగిపోతోంది. చివరికి పొయ్యికి ఎడమ పక్కన, ఇటుకకీ గోడకీ మధ్య ఒక్క నెర్రె మిగిలింది. మొహా గొట్టం చూడ్డానికి మిద్దె ఎక్కగానే, పీట లాక్కుని ఆ నెర్రెకి వీపు ఆనించి కూర్చుంది.

"కాసేపు దగ్గకు," అంది గుసగుసగా.

ఊరుకున్నాడు. పెళ్ళాం మాట ఎప్పుడు కాదన్నాడు గనక!

మొహా దిగొచ్చి చెవి పెట్టి విన్నాడు. "అన్నకి తగ్గిపోయింది," అని దేవదారు దుంగలు పేర్చి మంట వేశాడు. గది వెచ్చబడింది. బిడ్డ ఏడుపు మానేసింది. తూదా పాలివ్వబోతే నోరు తెరవలేదు, తల వాల్చేసింది.

"నిద్రొచ్చిందేమోలే," అంది తూదా. ఆమె మాటే ముద్దముద్దగా వచ్చింది.

కనిపించే పొగ ఏడిపిస్తుంది. కనిపించనిది జోకొడుతుంది.

అప్పుడు ఇత్తో వీపు వెనక గోడ దద్దరిల్లింది. రోజూ వినే దగ్గు కాదది. పేగులు తెగేలా, గాలి కోసం గోడ గీరే దగ్గు. ఆ పెళ్ళి రాత్రి తను వినని దగ్గు.

"మొహా! వీళ్ళని బయటికి లాగరా!"

మంచుగాలి ముఖాన కొట్టాక, ఎంతోసేపటికి, బిడ్డ కెవ్వుమంది.

నిప్పు ఆర్పేశారు. మొహా తాపీ అందుకోబోతే ఇత్తో పట్టనివ్వలేదు. మట్టిముద్ద చేతిలోకి తీసుకుంది.

"చాల్లే, ఇన్నాళ్ళు దగ్గింది. ఇంక పడుకో," అంటూ ఆ నెర్రెని వేళ్ళతో అదిమి అదిమి పూడ్చింది. తర్వాత కిటికీ దగ్గరికెళ్ళి, ఆయన చేత్తో కుక్కిన ఉన్ని, ఇన్నాళ్ళూ ఎవర్నీ తాకనివ్వనిది, మొత్తం పీకేసింది. గాలి ఒక్క పెద్ద నిట్టూర్పులా లోపలికొచ్చింది.

మట్టి ఆరాక మళ్ళీ మంట వేశారు. మొహా చాలాసేపు గోడకి చెవి ఆనించే ఉన్నాడు. "అన్నా?" అని పిలిచి, ఇంకో దుంగ మంటలోకి తోశాడు.

రభా గుమ్మడి ముక్కలు పేర్చిన గోధుమరవ్వ కుస్కుస్ పళ్ళెం తెచ్చింది. అందరూ దాని చుట్టూ కూర్చున్నారు. అందరికీ ఒకటే పళ్ళెం, ఎవరి వైపుది వాళ్ళు తినాలి. లహ్సెన్ వైపుది ఈ ఏడాదంతా ఎవరూ ముట్టలేదు.

రభా చెవులు రిక్కించింది. "ఇవాళ తగ్గిందా, అక్కా?"

"తగ్గిపోయిందే," అంది ఇత్తో.

ఆయన వైపున్న గుమ్మడి ముక్కల్ని కూతురి వైపు తోసింది.

"తినవే, పాలు పడాలి."