ఊపిరి బిగబట్టిన కొలత

లేవగానే ఒక గ్లాసు నీళ్ళు.
టీలో చక్కెర వద్దు. "కొంచెమే" అన్నా వద్దు.
బిళ్ళ భోజనం తర్వాతే. మర్చిపోతే రెండోపూట రెండు కలిపి మింగకూడదు.
మిషను మీద గంటసేపు కూర్చుంటే, లేచి వీధి చివరిదాకా నడిచి రావాలి.
కొట్లో బిస్కెట్లు ఉంచకూడదు.
పడుకునే ముందు పాదాలు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, అరికాళ్ళు చూసుకోవాలి. వంగలేకపోతే అద్దం పెట్టుకోవాలి.
నెలనెలా ల్యాబులో రక్తం ఇవ్వాలి. ఖాళీ కడుపుతో.

ఇవన్నీ మా నాన్న చేయాల్సిన పనులు. లావుపాటి అక్షరాలతో రాసి, ఆయన కుట్టుమిషనుకు ఎదురుగా గోడకు అతికించాను. ఆ రోజు బాబాయి కత్తెర పక్కనపెట్టి, చేతులు కట్టుకుని, బడిపిల్లవాడిలా పైకి చదివాడు.

"అన్నయ్యా, నీ పని అయిపోయింది. సలహాలమ్మ గోడెక్కింది," అన్నాడు.

"నీకెందుకురా నవ్వు? అది నా కూతురి చదువు. నాకే పనికిరాకపోతే ఇంకెవరికి పనికొస్తుంది?" అన్నాడు నాన్న.

మాది దర్జీల కుటుంబం. వీధి వైపు కొట్టు, వెనక రెండు గదుల ఇల్లు. నాన్న మిషను తొక్కుతాడు. ఆయన తమ్ముడు, అంటే మా బాబాయి, బట్ట కత్తిరిస్తాడు. బాబాయిది ఎడమచేతి వాటం. ఆయన కత్తెర ఇంకెవరి చేతికీ లొంగదు, ఆయన ఇంకెవరినీ ముట్టుకోనివ్వడు. అమ్మ గడప దగ్గర వెలుతురులో కూర్చుని కాజాలు తీస్తుంది, గుండీలు కుడుతుంది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. ఆహారం, ఆరోగ్యం గురించి చదివాను. చదువు అయ్యాక ఆరోగ్య కేంద్రంలో సలహాదారుగా చేరాను. ఏం తినాలి, ఎంత నడవాలి, మందులు ఎలా వేసుకోవాలి అని వచ్చినవాళ్ళకు చెప్పడమే నా ఉద్యోగం. దానికి తెల్లకోటు అక్కర్లేదు. అయినా నాన్న కుట్టాడు.

"డాక్టర్లే వేసుకోవాలని రూలేమైనా ఉందా? జేబులు లోతుగా పెట్టాను, పెన్నులు జారిపోవు," అన్నాడు.

నాన్నకు షుగర్ ఉందని ఆ ఏడాదే తెలిసింది. మొదటి రిపోర్టు చూసి నేను ఆ పూట భోజనం చేయలేకపోయాను. గోడ మీద కాగితం ఆ మర్నాడు అతికించిందే.

ఆ తర్వాత రిపోర్టులు బాగుపడుతూ వచ్చాయి. ల్యాబు తెరిచే వేళకే నా బస్సు. అందుకని ఆయన వెంట నేనెప్పుడూ వెళ్ళలేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి రిపోర్టు మిషను మీద, కత్తిరించిన కాలరు ముక్కల పక్కన ఉండేది. నేను చదువుతుంటే ముగ్గురూ పని ఆపి నా ముఖమే చూసేవాళ్ళు.

"ఎలా ఉంది తల్లీ?" అనేవాడు నాన్న.

"తగ్గింది నాన్నా! పోయిన నెల కంటే ఇంకా తగ్గింది."

"మరి! మాటంటే మాటే," అని బాబాయి బల్ల మీద చరిచేవాడు. అమ్మ మాత్రం దారం కొరికి మళ్ళీ కాజా పనిలో పడేది.

ఆ రిపోర్టులు చూసి డాక్టరుగారు బిళ్ళల మోతాదు తగ్గించారు. మా కేంద్రానికి వచ్చే ఆడవాళ్ళకు నేను నాన్న గురించి గొప్పగా చెప్పుకునేదాన్ని. "మా నాన్న రోజంతా కూర్చుని చేసే పని చేస్తారు. ఆయనకే సాధ్యమైతే మీ ఇళ్ళల్లో ఎందుకు కాదు?" అనేదాన్ని. ఒకావిడ తన భర్తను కొట్టు దాకా పంపించింది, చొక్కా కొలతలు ఇచ్చే వంకతో మా నాన్నను చూసి బుద్ధి తెచ్చుకోమని.

ఆయన వచ్చినప్పుడు నేనూ కొట్లోనే ఉన్నాను. బొద్దుమనిషి. నాన్న టేపు నడుము చుట్టూ తిప్పగానే ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, కొయ్యబొమ్మలా నిలబడ్డాడు. ఇలాంటివాళ్ళు మా కొట్టుకు రోజూ వస్తారు. నాన్న ఏమీ అనడు. టేపు అలాగే పట్టుకుని మాటల్లో పెడతాడు.

"ఇంట్లో అందరూ కులాసానా? అత్తగారు వచ్చారని విన్నాను?"

"ఆఁ, వచ్చారు... వచ్చి నెలైంది, ఇంకా—" అన్నాడాయన. ఊపిరి బయటికొచ్చింది, దాంతోపాటు పొట్టా వచ్చింది. నాన్న అప్పుడు చూశాడు టేపు మీద అంకె.

ఆయన వెళ్ళాక నాన్న నవ్వుతూ నాతో అన్నాడు: "మాట్లాడుతూ ఎవడూ ఊపిరి బిగబట్టలేడు. కొలతకు అబద్ధం చెప్తే నాకేం పోయింది? రేపు నలుగురిలో గుండీ ఊడి ఎగిరేది వాడిదే."

నేనూ నవ్వాను. బాబాయి నవ్వలేదు. ఆ మధ్య ఆయన చిక్కాడు. తన ప్యాంట్లు తనే విప్పి నడుము దగ్గర లోపలికి కుట్టుకున్నాడు. టీలో చక్కెర మానేశాడు. పొద్దున్నే వీధి చివరిదాకా నడిచి వస్తున్నాడు. "ఏంటి బాబాయ్, పెళ్ళిచూపులా?" అని ఏడిపిస్తే, "ఏమోనే సలహాలమ్మా, నీ గోడే పొద్దస్తమానం నా ముఖం మీద కూర్చుంది," అన్నాడు. నాన్న మాత్రం చిక్కలేదు. ఒక్కొక్కరి ఒంటి తీరు ఒక్కోలా ఉంటుందని నేనే సమాధానం చెప్పుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మ కేంద్రానికి ఫోను చేసింది. ఎప్పుడూ చేయదు.

"నువ్వొకసారి రావే. మిషను కింద నేల మీద ఎర్రగా మరకలున్నాయి. మీ నాన్న కాలిదే అనుకుంటా. ఏం లేదంటున్నాడు."

నేను వెళ్ళేసరికి నాన్న మిషను తొక్కుతూనే ఉన్నాడు. కాలు పైకెత్తమంటే విసుక్కున్నాడు. "యూనిఫారాల పని అర్జెంటు. అంత నొప్పుంటే నేను చెప్పనా?" అన్నాడు. నేను నేల మీద కూర్చుని ఆయన కుడిపాదం ఒళ్ళో పెట్టుకున్నాను. బొటనవేలి కింద విరిగిన మిషను సూది ముక్క లోపలికి దిగబడి ఉంది. చుట్టూ వాచి, నల్లబడి, చీము పట్టింది. దిగి ఎన్నాళ్ళయిందో తెలీదు. ఆ కాలితోనే మిషను తొక్కుతున్నాడు.

"నొప్పి లేదా నాన్నా?"

"లేదంటున్నానా! కొన్నాళ్ళుగా ఆ కాలు కొంచెం మొద్దుబారినట్టుంటుంది, అంతే. చెప్పు జారిపోయినా తెలీదు."

"ఆ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ బాబాయి వైపు చూసింది. బాబాయి బల్ల మీది సుద్దగీత చెరిపాడు, అక్కర్లేకపోయినా.

ఆసుపత్రిలో వేలు పొడిచి షుగర్ చూశారు. పరికరం మీద అంకె చూసి నర్సు మళ్ళీ పొడిచింది. అదే అంకె. నేను ఫైల్లోంచి ఆ నెల రిపోర్టు తీసి డాక్టరుగారికిచ్చాను. ఆయన కాగితం వైపూ నాన్న పాదం వైపూ చూశారు.

"అమ్మా, ఈ రెండూ ఒకే మనిషివి కావు. మీ ల్యాబువాళ్ళు ఎక్కడో పొరపాటు చేశారు," అన్నారు. "అదలా ఉంచండి. ముందు ఈ పాదం సంగతి చూడాలి. వేళ్ళదాకా పాకింది. పైకి పాకితే పాదమే తీసేయాల్సి వస్తుంది. ఇన్నాళ్ళూ సరైన మోతాదు మందు పడకపోవడం ఒక కారణం."

మోతాదు ఎందుకు తగ్గిందో నాకు తెలుసు. ఆ రిపోర్టుల వల్ల. నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా ల్యాబుకు వెళ్ళాను. రక్తం తీసే అతన్ని నలుగురిలో నిలదీశాను. ఒకరి రక్తం ఇంకొకరి పేరు మీద రాసి మా నాన్న కాలు తీసేదాకా తెచ్చారని, ఊరుకోనని అరిచాను.

అతను బిత్తరపోయాడు. "మేడమ్, ఆగండి. మీ నాన్నగారు ప్రతి నెలా వస్తారు. నేనే తీస్తాను. ఆయన్ని మర్చిపోవడమేంటి? భలే సరదా మనిషి. 'కుడిచేతిలోంచి తీయవయ్యా, ఎడమచేత్తో కత్తెర పట్టాలి' అంటారు ప్రతిసారీ."

నాన్న కత్తెర పట్టడు. అతనికి క్షమాపణ చెప్పానో లేదో గుర్తులేదు. బయటికొచ్చి, మా వీధిలో నేను పుట్టినప్పటినుంచీ నడిచిన దారిలోనే, ఎటు వెళ్తున్నానో తెలీకుండా నడిచాను.

కొట్టు సగం తలుపు వేసి ఉంది. బాబాయి కటింగ్ బల్ల దగ్గర ఊరికే నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే అర్థమైపోయింది ఆయనకు.

"నువ్వేనా?" అన్నాను.

"మొదటిసారి కావాలని చేయలేదే," అన్నాడు. "ఆ పొద్దున మీ నాన్న మర్చిపోయి చక్కెర టీ తాగేశాడు. ఇప్పుడు వెళ్తే రిపోర్టు చెడుతుంది, పిల్ల మళ్ళీ తిండి మానేస్తుందన్నాడు. అన్నదమ్ములం, రక్తం ఒకటే కదా అని నేనే వెళ్ళాను. నీ ముఖం వెలిగిపోయింది ఆ రోజు. తర్వాతి నెల నిజం చెప్దామనుకున్నాం. ఆ నెల పోయిన నెల కంటే బాగా రావాలి కదా మరి. చెడితే నీకు అనుమానం వస్తుంది. అందుకని..."

"అందుకని చక్కెర మానేశావు. నడిచావు."

"నీ కాగితంలో ఉన్నవన్నీ చేశాను. పాదాలు కూడా చూసుకున్నాను, అద్దం పెట్టుకుని," అన్నాడు. ఆ మాట గర్వంగా అన్నాడో ఏడుపుతో అన్నాడో ఇప్పటికీ నాకు తెలీదు.

అంటే నా సలహాలు పనిచేశాయి. చెప్పింది చెప్పినట్టు చేస్తే షుగర్ అదుపులో ఉంటుందని మా బాబాయి నెలనెలా రుజువు చేశాడు, షుగర్ లేని ఒంటితో. నా వెనక నా ఇల్లే ఇంకో సంసారం నడిపింది. అందులో బిస్కెట్లు గుండీల డబ్బాలో ఉండేవట. నా చెప్పుల చప్పుడు వినగానే అమ్మ మూత పెట్టేదట. ఆ డబ్బాలోంచి నేనే ఎన్నోసార్లు గుండీలు ఏరిచ్చాను. ఒక్కసారైనా అడుగుదాకా చెయ్యి పెట్టలేదు.

ఆసుపత్రి వరండాలో అమ్మను అడిగాను. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"వద్దన్నానే. ఇద్దరికీ చెప్పాను. వింటేగా?"

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీకు చెప్తే ఆయన నాతో మాట్లాడడు. చెప్పకపోతే ఇదిగో, నువ్వు మాట్లాడవు. ముందు నుయ్యి వెనక గొయ్యి. నేనెక్కడ దూకను?"

నాన్న మంచం మీద పడుకుని పైకప్పు వైపు చూస్తున్నాడు. ఆపరేషనుకు తీసుకెళ్ళబోతున్నారు. అరవాలని వెళ్ళాను. ఆ కాలి కట్టు చూసి అరవలేకపోయాను.

"నీ పొట్ట ఎవరికోసం లోపలికి లాక్కున్నావు నాన్నా?" అన్నాను.

ఆయన అన్నాడు: "కోటు కుట్టింది నేను. కుట్టినవాడికే నీ మాట పనిచేయలేదంటే, నలుగురూ ఏమనుకుంటారు? నీ చదువు చిన్నబోకూడదనుకున్నాను తల్లీ."

నాకోసమే చేశాడు. ముగ్గురూ నాకోసమే చేశారు. ప్రేమతో చేసినంత మాత్రాన మోసం మోసం కాకుండా పోతుందా? బయటివాళ్ళు మోసం చేస్తే ఇంటికొచ్చి చెప్పుకుంటాం. ఇంట్లోవాళ్ళే చేస్తే చెప్పుకోవడానికి ఎక్కడికి వెళ్ళాలి? స్ట్రెచరు తలుపు దాటేదాకా ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాను. కానీ "ఫర్వాలేదు" అన్న మాట మాత్రం నా నోట్లోంచి రాలేదు.

రెండు వేళ్ళు తీసేశారు. పాదం దక్కింది.

కేంద్రంలో ఆడవాళ్ళకు జరిగింది జరిగినట్టు చెప్పాను. నాన్నను చూపించి నేను గొప్పలు చెప్పింది వాళ్ళకే కాబట్టి, ఇదీ వాళ్ళకు చెప్పాలి. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. భర్తను కొట్టుకు పంపినావిడ మాత్రం మెల్లగా, "మా ఆయనా డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు రెండు రోజులే నోరు కట్టుకుంటాడమ్మా," అంది. వెనక కూర్చున్న ఇంకొకావిడ తల దించుకుంది.

ఇప్పుడు నాన్న మిషనుకు మోటారు పెట్టించాం. ల్యాబుకు నేనే తీసుకెళ్తాను. నా బస్సు పోతే పోనీ. "బిళ్ళ వేసుకున్నావా?" అని ఆయన్ని అడగడం మానేశాను. పక్కన కూర్చుని యూనిఫారాల సంగతి, దారం నాణ్యత, ఎవరి పొట్ట ఎంత పెరిగింది అని మాటల్లో పెడతాను. మాట్లాడుతూ ఊపిరి బిగబట్టలేడు కదా మనిషి. మాటల మధ్యలో, "నిన్న ఒక బిస్కెట్ తిన్నానులే," అని జారిపోతుంది. అప్పుడు చూస్తాను నేను అంకె.

గోడ మీద కాగితం అలాగే ఉంది. కోటు మేకుకు వేలాడుతోంది. అప్పటినుంచీ దాన్ని వేసుకోలేదు. బాబాయి రోజూ పొద్దున్నే నడుస్తూనే ఉన్నాడు. వీధి మలుపు దగ్గర ఎదురైతే తల పక్కకు తిప్పుకుంటాను. ఆయనతో మాట్లాడే సంగతి నేను చూసుకుంటాను, ఇవాళ కాకపోతే రేపు.

మీరు మాత్రం ఒక్క పని చేయండి. ఏ డాక్టరు ముందో, నాలాంటి సలహాదారు ముందో కూర్చుని "అంతా బాగానే ఉందండీ" అనబోయే ముందు, అరికాల్లో సూది దిగినా తెలీక యూనిఫారాలు కుట్టుకుంటూ కూర్చున్న మా నాన్నను ఒక్కసారి తలుచుకోండి.