వత్తి తడిపిన మేక

బావులు తవ్వే ఒకతనికి మాటలొచ్చిన మేక ఉండేది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. నలుగురికీ తెలిస్తే తననెవరో తోలుకుపోతారని, అతనితో తప్ప ఎవరితోనూ, చివరికి అతని భార్యతో కూడా, మాట్లాడేది కాదు. పిల్లల్లేని అతను దాన్ని తల్లీ అనేవాడు. అది నాన్నా అనేది.

ఆ ఏడు అతనికి రాతినేలలో బావి పని దొరికింది. తవ్వించే ఆసామి ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. రాతిపొడి పీల్చీ పీల్చీ బావి తవ్వేవాడి రొమ్ము గుల్లయినా, ఒక్కపూట ఆగనివ్వడు. నోట్లో నాలుక లేని మనిషి కదా, అడగనూ లేడు. అతను రాత్రంతా దగ్గుతుంటే మేక పక్కనే మేలుకుని ఉండేది.

బావి పనిలో ఒక కట్టుబాటుంది. మనిషి దిగేముందు వెలిగించిన దీపాన్ని గంపలో పెట్టి అడుగుదాకా దించాలి. ఆరిందా, కింద చెడుగాలి ఉన్నట్టే. ఆ రోజు ఎవరూ దిగకూడదు. తవ్వించేవాడు తిండి మాత్రం పెట్టి తీరాలి.

"రేపు నువ్వు దిగవులే నాన్నా. హాయిగా పడుకో," అంది మేక.

పొద్దున్నే వెళ్లి దీపపు వత్తిని, కొస మాత్రం వదిలేసి, నాకి తడిపింది. దీపం వెలిగింది, సగం లోతులో చిటపటలాడి ఆరిపోయింది. ఆసామి పళ్లు నూరుతూ అన్నం పెట్టించాడు. అతను తిని, చెట్టునీడన ఒళ్లు మరిచి నిద్రపోయాడు. నెలలో మూడుసార్లు ఇదే ఆట. ఆరినప్పుడల్లా అతను మేకకేసి చూసి కన్ను గీటేవాడు.

నాలుగోసారి మేక వత్తి జోలికే పోలేదు. అయినా దీపం ఆరింది. ఈసారి చెడుగాలి నిజమే.

"ఇక చాలు! దిగితే దిగు, లేదంటే ఇంటికి పో. రేపటికి ఇంకొకణ్ణి పెట్టుకుంటా," అని అరిచాడు ఆసామి.

అతను మేకకేసి చూసి కన్ను గీటాడు. నడుముకు మోకు కట్టుకున్నాడు. మేక తల అడ్డంగా ఊపింది, అరిచింది, చొక్కా పట్టి లాగింది.

"చాల్లే తల్లీ, బాగానే నటిస్తున్నావు," అని దాని చెవిలో గుసగుసగా అని, దిగిపోయాడు.

చుట్టూ జనం. నోరు విప్పాలా, వద్దా? ఆ పాడు తెలివి అక్కడ కూడా లెక్కలు వేసింది. అతని తల కనుమరుగయ్యాక గానీ అది నోరు విప్పలేదు.

"నాన్నా, పైకి రా! ఇవాళ నేను ముట్టుకోలేదు!"

మోకు పట్టుకున్న ఇద్దరూ నోళ్లు వెళ్లబెట్టి మేకనే చూస్తున్నారు. "పట్టుకోండి దాన్ని!" అన్నాడు ఆసామి. కింద మనిషున్నాడన్న సంగతి వాళ్లకు గుర్తొచ్చి మోకు లాగేసరికి, పైకొచ్చినవాడిలో ఊపిరి లేదు.

మేక పరుగెత్తుకుంటూ ఇల్లు చేరింది. అతని భార్య గుమ్మంలో కూర్చుని చిరిగిన చొక్కా కుడుతోంది.

"అమ్మా," అంది మేక.

ఆమె చేతిలో సూది ఆగింది. మేక మాట్లాడిందని ఆశ్చర్యపోవడానికైనా ఆమెకు వ్యవధి లేదు. దాని కళ్లు చూసింది.

"ఆయనేడీ?"

"నన్ను నమ్మి దిగాడమ్మా."