బి సైడు మొదటి పాట

మైకు గొట్టాన్ని పాత చీరలో చుట్టి, ముడి వేసి, దాని కొసను పంటితో లాగి బిగించాడు సీతయ్య. తనను కూడా ఇంత పదిలంగా చూసుకోలేదని అతని భార్య నాగక్క వాడకట్టంతా చెప్పుకుంటుంది. అది నిజం కాదని వాడకట్టుకీ తెలుసు.

అరవైకి దగ్గరపడ్డ బక్కపలచని మనిషి. ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు. వయసులో ఉన్నప్పుడు లారీలోంచి వెదురు మోపులు దించుతుంటే నలిగి పోయింది. ఆ తర్వాతే కూలి మాని మైకుసెట్టు పెట్టాడు. ఇరవై ఏళ్ళు సారపాక చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా, ఏ జాతరకైనా అతని గొట్టమే మోగింది. రెండేళ్ళ కిందట బజారులో రామకృష్ణ సీడీ ప్లేయరూ, మనిషెత్తు నల్ల స్పీకరు పెట్టెలూ దించాడు. అప్పటినుంచి సీతయ్యను పిలిచేది అడవి అంచు పల్లెలవాళ్ళే.

అతని టేపురికార్డరు అతనికంటే ముసలిదైపోయింది. ప్లే మీట నొక్కితే నిలవదు. అగ్గిపుల్ల తల విరిచి సందులో దోపితే తప్ప పాట రాదు. బీడీ మానేసి నాలుగేళ్ళయినా అందుకే అతని జేబులో అగ్గిపెట్టె ఉంటుంది.

పెళ్ళిళ్ళలో అందరూ అడిగేది ఒకటే కాసెట్టు, కనకవల్లి పాడింది. అందులో ఎ సైడు పాటలు పసిపిల్లలకు కూడా నోటికి వచ్చు. బి సైడు ఎవరికీ పట్టదు. దాని మొదటి పాటను మాత్రం సీతయ్య మైకు టెస్టింగుకు పెట్టుకున్నాడు. టెస్టింగప్పుడు ఏ పాటైనా ఎవరూ కాదనరు కదా. ఒక ఆడమనిషి అన్నం వండుకుని, ఏరు దాటిపోయిన మొగుడి కోసం ఎదురుచూసే పాట అది. పల్లవి, మొదటి చరణం అయ్యేసరికి గొట్టం బాగా పలుకుతున్నదీ లేనిదీ తేలిపోతుంది. వెంటనే ఆపేయమంటారు. అలా చుట్టూ ఇరవై పల్లెలకు ఆ పాట సగమే తెలుసు.

సీతయ్య ప్రాణమంతా మిగతా సగంలో ఉంది. రెండో చరణంలో ఒకచోట కనకవల్లి గొంతు పట్టుకుంటుంది. హార్మోనియం పెట్టె వాయించే ఆయన ఆమె కోసం ఆగుతాడు. ఒక్క క్షణం ఏ చప్పుడూ ఉండదు. ఆమె ఊపిరి తీసుకుని, ఆ మాటే మళ్ళీ అంటుంది. తప్పని తీసేయకుండా ఉంచారే, ఆ పుణ్యాత్ములెవరో అనుకుంటాడు సీతయ్య. చలికాలం నుంచి అతనికి ఎడమ రొమ్ము బరువుగా ఉంటోంది. తాను పోతే ఆ చోటు తెలిసిన మనిషి లేకుండా పోతుందని అతని దిగులు. నాగక్క ఒక్కతి విన్నా చాలు. కానీ ఆ పాట మొదలైతే చాలు, టెస్టింగేలే అని ఆమె లేచి పనిలో పడుతుంది.

"ఇయ్యాల పొద్దుండంగనే వస్తా. గా పాట ఒక్కసారి కూసొని విను" అన్నాడు.

"ఇరవై ఏండ్ల సంది వింటలేనా ఏంది?"

"సగమే విన్నవ్."

నాగక్క అతని ముఖంలోకి చూసింది. "సరే తీ, ఇయ్యాల వింటా. ముందుగాల బువ్వ తిను, ఆరిపోతాంది."

పెళ్ళివాళ్ళు పంపిన ట్రాలీ ఆటో వంతెన దాటి, భద్రాచలం దాటి, పర్ణశాల దారిలో ఒక పల్లెకు చేరింది. సీతయ్య వెదురుగడకు గొట్టం కట్టి నిలబెట్టాడు. కాసెట్టు బి సైడు పెట్టి, పుల్ల దోపి, ఎంత దూరం వినిపిస్తుందో చూడటానికి చేని గట్టుదాకా నడిచాడు. ఇప్పచెట్ల మీదుగా పాట చక్కగా వస్తోంది. మొదటి చరణం అయిపోవచ్చింది.

"తాతా, గా ఏడుపు పాట బంద్ చెయ్యి. పిలగాని తరపోళ్ళు వచ్చిన్రు. మన పాటలు వెయ్" అని పెళ్ళికూతురి అన్న సతీష్ పందిట్లోంచి కేకేశాడు.

"అవ్ బిడ్డా, వస్తున్న." సీతయ్య ఆయాసపడుతూ వచ్చి కాసెట్టు తిప్పాడు. కోపం రాలేదు. సాయంత్రం నాగక్క వింటానన్నది.

మధ్యాహ్నం రెండో బంతి లేచేసరికి ఎ సైడు అయిపోయింది. గొట్టం మూగపోయింది. ఎప్పుడూ వెంటనే మొదటికి తిప్పి మళ్ళీ వేసే సీతయ్య ఎంతసేపటికీ వేయలేదు. కునుకు తీస్తున్నాడనుకుని సతీష్ వచ్చి భుజం పట్టి కదిపాడు. సీతయ్య పందిరి గుంజకు ఆనుకుని అలాగే ఉన్నాడు.

పొద్దుండగానే ఇంటికి వచ్చాడు. అదే ట్రాలీలో, పక్కన చీర చుట్టిన గొట్టంతో.

"తిని కూసున్నడమ్మా. బీడీ ముట్టియ్యబోయిండు గావొచ్చు, అగ్గిపుల్ల చేతులనే ఉన్నది" అన్నాడు సతీష్ తల వంచుకుని.

నాగక్క భర్త వేళ్ళు విప్పి పుల్ల తీసింది. దానికి తల లేదు. టేపురికార్డరు మూత తెరిచి చూసింది. కాసెట్టు తిప్పి పెట్టి ఉంది, బి సైడు పైకి. ఆయన ముట్టించబోయింది బీడీ కాదని ఆమెకు అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. పుల్లను కొంగున ముడివేసుకుని, అప్పుడు ఏడ్చింది.

కూతురు శ్రావణి సత్తుపల్లి నుంచి తెల్లవారి మొదటి బస్సుకు రావాలి. ఆమె కోసం శవాన్ని ఆపారు. పొద్దున్నే రామకృష్ణ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నా పెట్టెలు తెచ్చినా."

"నీయి వద్దు బిడ్డా. ఆయినది కట్టు."

రామకృష్ణ గొట్టం కట్టాడు. ప్లే మీట ఎన్నిసార్లు నొక్కినా ఎగిరి పైకి వస్తోంది. నాగక్క లేచి, కొంగుముడి విప్పి, పుల్లను సందులో దోపింది. పాట మొదలైంది. వాడకట్టువాళ్ళు టెస్టింగనుకుని ఎవరి పనుల్లో వాళ్ళు ఉన్నారు. మొదటి చరణం అయింది. రామకృష్ణ చేయి అలవాటుగా మీట మీదికి పోయింది.

"ఉండనియ్" అంది నాగక్క.

రెండో చరణంలో ఆ ఆడమనిషి ఇక లాభం లేదని కంచం ముందుకు జరుపుకుంటుంది. మొదటి ముద్ద కలిపి, అతనికని పక్కన పెడుతుంది. ముద్ద అన్న మాట దగ్గర గొంతు ఆగిపోయింది. గొట్టం నుంచి ఏ చప్పుడూ లేదు. వాడకట్టులో పనిచేసుకునేవాళ్ళు తలలెత్తారు. గొట్టంలో ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. మళ్ళీ అదే మాట.

ఇది వినిపించడానికా ఈ మనిషి ఇన్నేళ్ళు పిలిచింది అనుకుంది నాగక్క. అరగడియ కూర్చుంటే అయిపోయేది. తనకు ఎప్పుడూ ఏదో ఒక పని. భర్త చల్లబడ్డ పాదాలు రెండు చేతులా పట్టుకుని, "విన్ననయ్యా. అంతా విన్న" అని చెప్పింది.

శ్రావణి వచ్చాక సీతయ్యను గోదారి ఒడ్డుకు తీసుకెళ్ళారు. ఆడవాళ్ళు వాకిలి కడిగారు. కాసెట్టు చివరిదాకా తిరిగి ఎప్పుడో ఆగిపోయింది. తల లేని అగ్గిపుల్ల మాత్రం మీటను అలాగే అదిమిపట్టుకుని ఉంది.