నాలుగు గుండుసూదుల కుళ్ళు

పెద్దాడు పని మొదలుపెట్టినప్పుడు చేతిలో ఉన్నది నాలుగు వందల అరవై. రెండు రంపం బ్లేడ్లు, ఒక ఇత్తడి పట్టీ, ఒక చుట్ట సన్నటి ఉక్కు తీగ, చిన్న ఆకురాయి, పని చేసేటప్పుడు పెట్టుకునే కళ్ళజోడు కొనగా ఇరవై రెండు మిగిలాయి. ఆ ఇరవై రెండుతో టీ తాగి, కాగితం మీద లెక్కలు రాసుకుంటూ ఇంటికొచ్చాడు.

లెక్కలన్నీ ఒక స్టూలు కోసం. వీధి చివర వాచీలు బాగుచేసే తాతకి చూపు తగ్గింది. నలభై ఏళ్ళుగా ఒక్కడే కూర్చున్న కొట్లో రెండో స్టూలు వేయించాడు. దాని మీద కూర్చుని పని నేర్చుకుంటామని వచ్చిన కుర్రాళ్ళకి ఒకటే షరతు పెట్టాడు.

"అగ్గిపెట్టెలో పట్టేంత అడ్డవిల్లు చేసి తీసుకురండి. మొత్తం లోహమే ఉండాలి. ఇంట్లో, మీ చేతుల్తో చెయ్యాలి. మీట నొక్కితే ములుకు పోయి, పదడుగుల అవతల గోడ మీదున్న అలారం గడియారం గంటకి తగలాలి. ఎవరు గంట మోగిస్తే వాళ్ళదే స్టూలు."

వాచీ పనికి కావలసినవి స్ప్రింగు, మీట, ఓపిక. ఆ మూడూ అందులో తేలిపోతాయని తాత ఉద్దేశం.

పెద్దాడికి ఇరవై మూడేళ్ళు. నట్లూ బోల్టులూ అమ్మే కొట్లో తూకం దగ్గర నిలబడి నాలుగేళ్ళయింది. ఆ స్టూలు తప్ప ఈ లోకంలో అతనికి ఇంకేమీ అక్కర్లేదు. కానీ ఇంట్లో చిన్నాడున్నాడు.

చిన్నాడికి పంతొమ్మిది. కొలబద్ద ముట్టుకోడు, కాగితం మీద గీత గియ్యడు. అన్న కోసి పారేసిన బ్లేడు ముక్కనీ, విరిగిన గొడుగు ఊచనీ, పాత తలుపు గడియనీ ఏరుకుని కిటికీ దగ్గర కూర్చుని, ఈల వేసుకుంటూ అరగదీశాడు. పెద్దాడు పదకొండు బొమ్మలు గీసి, పన్నెండోది సరిచూసుకుంటుండగా వచ్చి అగ్గిపెట్టె చేతిలో పెట్టాడు.

"చూడన్నా, నేనూ ఏదో అఘోరించాను."

పెద్దాడు అగ్గిపెట్టె తెరిచాడు. వేలెడు పొడుగు కూడా లేని విల్లు. బ్లేడు ముక్క అర్ధచంద్రంలా వంగి, తీగని బిగబట్టి ఉంది. పక్కన మూడు ఉక్కు ములుకులు పెట్టుకోడానికి చోటు కూడా మిగిలింది. మీట నొక్కితే తీగ ఎంత శుభ్రంగా వదులుతుందంటే, ములుకు వెళ్ళిపోయాక గానీ చప్పుడు వినపడలేదు.

"బానే ఉంది," అన్నాడు పెద్దాడు.

అదే సాయంత్రం మొదటి గుండుసూది ఎగిరొచ్చి అతని మోచేతికి అంటుకుంది.

అమ్మ బట్టలు కుడుతుంది కాబట్టి ఇంట్లో సూదులకి లోటు లేదు. తెల్లారేసరికి పెద్దాడి చొక్కా నిండా సూదులే. అమ్మ ఒక్కొక్కటీ పీకి డబ్బాలో వేస్తూ అడిగింది.

"ఎవరి మీదరా ఏడుస్తున్నావు?"

"ఎవరి మీదా లేదు."

"మీ పెద్దమ్మా ఇలాగే అనేది. పక్కింటావిడ కొత్త గాజులేసుకున్న రోజున తన వీపుకి అట్లకాడ అంటించుకుని తిరిగింది. సరేగానీ, కుళ్ళుకుంటే కుళ్ళుకున్నావు, మిషను కింద చిన్న సూది పడింది. ఓసారి చెయ్యి పెట్టి వెళ్ళు."

పెద్దాడు వంగి చెయ్యి పెట్టాడు. ఒకటి కాదు, ఏడు సూదులొచ్చాయి.

కొట్లో యజమాని కూడా పెద్దగా పట్టించుకోలేదు. సాయంత్రం కొట్టు కట్టేసేముందు అతన్ని గుమ్మం దగ్గర నిలబెట్టి, బట్టల బ్రష్షుతో దులిపి పంపేవాడు. "నట్లు నాలుగు, వాషర్లు పదకొండు. రేపు కాస్త ప్రశాంతంగా రా బాబూ," అనేవాడు.

అసలు చిక్కు విల్లు దగ్గర వచ్చింది. పెద్దాడి విల్లులో తప్పు లేదు. కొమ్ము వంపు, తీగ బిగువు, మీట పన్ను, అన్నీ లెక్క ప్రకారమే ఉన్నాయి. కానీ ఉక్కు ములుకు వదిలితే చాలు, అది వెళ్తూ వెళ్తూ అతని ఎడమ వైపుకి తిరిగేది. కుళ్ళు ఎడమ పక్కే ఎక్కువ మరి, గుండె ఉన్న వైపు. ఒకసారైతే ఆరడుగులు వెళ్ళి, చుట్టూ తిరిగొచ్చి, అతని చొక్కా జేబులోనే పడింది.

పెద్దాడు లెక్క కట్టాడు. చూపుడు వేలికి ఒకదాని కింద ఒకటిగా ఎన్ని గుండుసూదులు వేలాడితే ఆ రోజు కుళ్ళు అంత. పన్నెండు వేలాడిన రోజున పదడుగుల దూరంలో ములుకు ఆరు వేళ్ళు పక్కకి పోయింది. ఎనిమిదైతే నాలుగు వేళ్ళు. సూదికి అర వేలు.

దీనికి మందు కూడా అతనికి తెలుసు. ఇత్తడి ములుకు చేస్తే చాలు, ఇత్తడి అయస్కాంతాన్ని లెక్కచెయ్యదు. ఇత్తడి పట్టీ ముక్క ఇంకా మిగిలే ఉంది. కానీ చిన్నాడు ఉక్కు ములుకుతో కొడుతుంటే తను ఇత్తడిది పట్టుకెళ్ళడమంటే, తమ్ముడి మీద నాకు కుళ్ళు అని మెళ్ళో పలక కట్టుకుని వీధిలో నడిచినట్టే. ఆ పని మాత్రం చెయ్యలేకపోయాడు.

తాత చెప్పిన రోజు రానే వచ్చింది. పదకొండింటికి కొట్టు దగ్గర ఉండాలి. పొద్దున్నే చిన్నాడు కిటికీ దగ్గర ఆకురాయి తీశాడు.

"మీట కాస్త పట్టేస్తోందన్నా. రెండు రాపులు రాపాలి. నీ కళ్ళజోడు ఓసారిస్తావా?"

"దాని స్క్రూ ఊడిపోయింది," అన్నాడు పెద్దాడు అద్దంలో తల దువ్వుకుంటూ. దువ్వెన ప్లాస్టిక్‌ది కాబట్టి సరిపోయింది.

పది నిమిషాలకి కిటికీ దగ్గర్నుంచి "అమ్మా" అని కేక వినిపించింది.

చిన్నాడు కుడి కన్ను మూసుకుని గోడకి ఆనుకున్నాడు. అమ్మ దీపం దగ్గర పెట్టి, బట్ట పట్టుకునే నేర్పుతో రెప్పలు విడదీసి చూసింది. ఆవగింజలో పదోవంతు ఉక్కు రవ్వ, కంటిపాప పక్కనే నల్లగా ఉంది. నీళ్ళు కొట్టినా కదల్లేదు. కళ్ళ డాక్టరు వచ్చేది ఎల్లుండి.

"వాచీ పని చేసే వాడికి కన్ను పోతే ఇంకేముందిరా," అంది అమ్మ. ఆ వెంటనే పెద్దాడి వైపు తిరిగింది. "నిలబడి చూస్తావేం? వేలు దగ్గర పెట్టు!"

పెద్దాడు మోకాళ్ళ మీద కూర్చుని చూపుడు వేలు కంటి దగ్గరికి తీసుకెళ్ళాడు. రవ్వ కదల్లేదు. అప్పుడే అతని చొక్కా మీది సూదులు జలజలా నేల మీద రాలాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. కళ్ళజోడు దిండు గలీబులో ఉంది, దాని స్క్రూలన్నీ బిగుతుగానే ఉన్నాయి. ఆ సంగతి తప్ప అతని తలలో ఇంకేమీ లేదు. అందులో కుళ్ళుకి చోటెక్కడిది?

"అయ్యో, ఇప్పుడా మంచివాడివయ్యేది!" అంది అమ్మ.

చిన్నాడు తెరిచి పట్టిన కంటితోనే నేల మీద పడ్డ సూదుల్ని చూశాడు.

"అన్నా, నీకో సంగతి చెప్పలేదు. నిన్న తాత కొట్టుకెళ్ళాను."

"ఎందుకు?"

"విల్లు చూపిద్దామని. మూడుసార్లు వదిలాను. మూడుసార్లూ గంట మోగింది."

నేల మీద ఒక గుండుసూది పక్కకి దొర్లింది. అమ్మ అది చూసి వెంటనే మాట అందుకుంది. "అవునా? తాత ఏమన్నాడు నాన్నా?"

"నా భుజం తట్టాడు. ఇన్నేళ్ళలో ఇలాంటి చెయ్యి చూడలేదన్నాడు. అన్నయ్య కూడా వస్తాడు తాతా అంటే నవ్వాడు."

"నవ్వాడా?" అన్నాడు పెద్దాడు.

"వాణ్ణి ఎందుకు తిప్పడం, వాడివి లెక్కలే గానీ చేతులు కావు, రావద్దని చెప్పెయ్ అన్నాడు. స్టూలు ఎత్తు కూడా నాకు సరిపోయేట్టు కోయించాడు."

నేల మీది సూదులన్నీ ఒక్కసారిగా లేచి పెద్దాడి ముంజేతిని పట్టుకున్నాయి. మిషను మీది కత్తెర జారి వచ్చి అతని నడుముకి కరుచుకుంది. పళ్ళు బిగించి, వణకకుండా, వేలిని రెప్ప అంచుకి తెచ్చాడు. నల్లటి చుక్క ఊగింది, వదిలింది, అతని గోరు మీదికొచ్చి కూర్చుంది.

అమ్మ చుక్కల మందు వేసి కట్టు కట్టింది.

"నిజంగా అలా అన్నాడా?" అడిగాడు పెద్దాడు.

"అనుంటే ఇవాళ పొద్దున్నే మీట ఎందుకు రాపుతానన్నా? నిన్న ఆ కొట్టు మొహమే చూడలేదు."

పెద్దాడు లోపలికెళ్ళి దిండు గలీబులోని కళ్ళజోడు తెచ్చి తమ్ముడి ఒళ్ళో పెట్టాడు. "స్క్రూ ఊడలేదురా."

"తెలుసు. దాని మీద పడుకున్నావు కదా, ఇప్పటికీ నీ బుగ్గ మీద అచ్చు ఉంది."

గోడ గడియారంలో పావు తక్కువ పదకొండు. చిన్నాడు కదలకూడదు. పెద్దాడు బల్ల మీద తన విల్లు వైపు చూశాడు, తర్వాత అగ్గిపెట్టె తీసుకుని బయల్దేరాడు.

తాత కొట్లో గోడ నిండా గడియారాలు. పెద్దాడు గడప మీద కాలు పెట్టగానే తాత తలెత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కడే ఆగు. రెండు ఆగిపోయాయి."

"ఇప్పుడు తగ్గింది తాతా."

"తగ్గింది. పోయిన వారం వచ్చినప్పుడు తొమ్మిది ఆగాయి. ఏదీ, నీది?"

"నాది తేలేదు. ఇది తమ్ముడిది. వాడి కంటికి కట్టుంది, వాడి బదులు నేను వదులుతాను."

"నీది కూడా తేవచ్చుగా?"

"తెస్తే వాడిది సరిగ్గా వదలబుద్ధి కాదు."

తాత కంటి మీది భూతద్దం తీసి అతన్ని ఒకసారి చూశాడు. గడప నుంచి గంట దాకా సరిగ్గా పదడుగులు. మొదటి ములుకు సూటిగా గురిపెట్టి వదిలాడు. అది ఎడమ పక్కకి పోయి చెక్క గోడలో దిగింది. అతని వెనక, వీధిలో నిలబడ్డ వాళ్ళెవరో నవ్వారు.

పెద్దాడు చొక్కా చేతికున్న గుండుసూదుల్ని తీసి చూపుడు వేలికి వేలాడదీశాడు. అందరికీ వినపడేట్టే లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదోది నిలబడలేదు.

"నాలుగు సూదుల కుళ్ళుంది తాతా తమ్ముడి మీద. అంటే రెండు వేళ్ళు."

గంటకి రెండు వేళ్ళు కుడిగా, ఒట్టి గోడకి గురిపెట్టి మీట నొక్కాడు. ములుకు గోడకేసి వెళ్ళి, చివర్లో మనసు మార్చుకున్నట్టు ఎడమకి ఒరిగింది.

గంట మోగింది.

"స్టూలు మీ తమ్ముడిది," అన్నాడు తాత. "కట్టు విప్పగానే రమ్మను."

కొట్లో మూడో గడియారం ఆగిపోయింది. తాత దాని వైపు చూసి మెల్లగా అన్నాడు. "నీ విల్లు తెచ్చి వందసార్లు మోగించినా నీకిచ్చేవాణ్ణి కాదురా. వాచీల కొట్లో అయస్కాంతాన్ని కూర్చోబెట్టుకుంటే మర్నాటికి గడియారాలతో పాటు నా గిరాకీ కూడా ఆగిపోతుంది."

పెద్దాడు వెనక్కి తిరిగాడు. వీధిలో నవ్విన వాళ్ళ పక్కన, ఎడమ కంటికి చేతిగుడ్డ అదుముకుని ఇనుము చెక్కే లేతు మిషను పనివాడొకడు నిలబడ్డాడు.

"బాబూ, మీ తమ్ముడి కంట్లో రవ్వ తీసింది నువ్వేనటగా? మీ పక్కింటాయన చెప్పాడు. నాకు నిన్నట్నుంచీ ఉంది. మా వర్క్‌షాపులో ఇంకో ఇద్దరున్నారు."

పెద్దాడు వేలెత్తి సూదులు వేలాడదీశాడు. ఆరు. కంట్లోంచి రవ్వ రావాలంటే పన్నెండుకి తక్కువైతే పనికాదని అతని అంచనా.

"ఇంటికి రండి," అన్నాడు. "ముందు మా తమ్ముడికి ఒక మాట చెప్పాలి."

దారంతా లేతు పనివాడు అతని వెనకే నడిచాడు. ఇంటి ముందుకొచ్చేసరికి లోపల మిషను చప్పుడు, దాని మీద చిన్నాడి ఈల. స్టూలు తనదయిందని వాడికింకా తెలీదు. తెలిస్తే కట్టున్న కంటితోనే ఎగిరి గంతేస్తాడు, అమ్మని పట్టుకుని గిరగిరా తిప్పుతాడు, ఆ నవ్వు మొహం ఈ నెలంతా ఇంట్లో తిరుగుతుంది. పెద్దాడు దాన్ని ముందుగానే కళ్ళ ముందుకి తెచ్చుకున్నాడు. గుండెలో ఎడమ పక్క కలుక్కుమంది. తలుపు గడియ తనంతట తనే కదిలి, అతని చేతి వైపు ఒక వేలు మందం జరిగింది.

"ఒక్క నిమిషం, ఇక్కడే ఉండండి," అని లేతు పనివాడికి చెప్పి, తమ్ముడికి శుభవార్త చెప్పడానికి తలుపు తోశాడు.