కిరాయికొచ్చిన పిల్ల

మొదటిరోజే మరియమ్మకు ఆ పిల్ల వాలకం నచ్చలేదు. తల్లి సహ్రా గడప దగ్గర నిలబడి, బొంబాయిలో నేర్చుకున్న వచ్చీరాని ఉర్దూలో కిరాయి సంగతి మాట్లాడుతుంటే, తొమ్మిదేళ్ల హోదన్ ఎవరి మొహమూ చూడలేదు. తలుపు వెనక తొంగి చూసింది. మంచం కిందికి వంగింది. పెరట్లో ఎండిపోయిన సిమెంటు గాబు మీది రేకు ఎత్తి చూసి, చప్పుడు కాకుండా మళ్లీ మూసింది.

'ఇల్లు చూస్తున్నదా, ఇంట్ల ఏమున్నదో చూస్తున్నదా?' అనుకుంది మరియమ్మ.

వాళ్లది సోమాలియా. అక్కడి యుద్ధంలో ఇల్లు కూలి, ఓడలెక్కి, ఎక్కడెక్కడో తిరిగి వచ్చారు. సహ్రా తమ్ముడు హైదరాబాదులో కాలేజీ చదువుతున్నాడు. పట్నంలో కిరాయిలు భరించలేక ఆరాంఘర్ దాటి శంషాబాద్ దాకా వచ్చి మరియమ్మ ఇంటి వెనకగది మాట్లాడాడు. తొంభై మూడో సంవత్సరం ఎండాకాలం అది.

ఆ పిల్ల నోరు విప్పి ఒక్క మాట మాట్లాడేది కాదు. కానీ మరియమ్మ మనుమడు, రెండేళ్ల ప్రిన్స్ ఎటు పోతే అటు నీడలా తిరిగేది. అంతలో ఇంట్లో సామాన్లు మాయం కావడం మొదలైంది. ఒకరోజు ప్రిన్స్ పాలసీసా, ఇంకోరోజు పాత దుప్పటి, ఆ తర్వాత గంపలో రొట్టెలు.

కిరాణా కొట్టు యాదయ్య అసలే అనుమానపు మనిషి. "అక్కా, పరదేశపోళ్లు. పిల్లల్ని ఎత్కపోయెటోళ్లు ముందుగాల గిట్లనే మచ్చిక జేసుకుంటరట. జర పైలం," అన్నాడు.

మరియమ్మ ప్రార్థన చేసుకుంటూ కూడా ఒక కన్ను తెరిచే ఉంచడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం కోడలు సునీల బట్టలుతుకుతుంటే, వాకిట్లో ఆడుకుంటున్న ప్రిన్స్ కనపడకుండా పోయాడు. హోదన్ కూడా లేదు.

వాడకట్టంతా కదిలింది. యాదయ్య సైకిలెక్కి బస్టాండుకు ఉరికాడు. సునీల ఏడుస్తూ రోడ్డు మీదికి పరుగెత్తింది. సహ్రా మాత్రం రోడ్డు వంక చూడనైనా లేదు. ఇంట్లోనే మంచాల కింద, తలుపుల వెనక వెతుకుతోంది. ఈమెకు ఏదో ఎరికే అనిపించి, మరియమ్మ ఆమె వెంబడే పెరట్లోకి పోయింది.

సహ్రా గాబు మీది రేకు లాగింది. లోపల హోదన్ ముడుచుకుని ఉంది. ఒళ్లో ప్రిన్స్. వాడి నోటి మీద ఆమె అరచెయ్యి. పక్కన దుప్పటి, ఎండిన రొట్టెలు, పాలసీసా నిండా నీళ్లు.

మరియమ్మ మనుమణ్ణి గుంజుకుని, ఆ పిల్ల చెంప మీద ఒక్కటిచ్చింది. హోదన్ ఏడవలేదు. చెంప తడుముకోనూ లేదు.

అప్పుడే ఊరి బయట కంకర క్వారీలో రాళ్లు పగలగొట్టే తూటా పేలింది. వాడకట్టులో ఎవరూ తల తిప్పి చూడని చప్పుడది. హోదన్ మాత్రం గాబులోంచి ఎగిరి, ప్రిన్స్ కాలు పట్టుకుని కిందికి లాగింది. మరియమ్మ కూలబడేసరికి వాడి మీద బోర్లా పడి కప్పేసింది.

"దీనికొక తమ్ముడుండె, గింతోడే," అంది సహ్రా నేల మీద కూర్చుని, తన వచ్చీరాని ఉర్దూలోనే. "బాంబులు పడుతుంటే వంటింట్ల దాచి పెట్టింది. వాడు నీళ్లు నీళ్లని ఏడ్చి, బయటికి ఉరికిండు. అప్పటి సంది ఇది మాట్లాడదు."

మరియమ్మకు చెయ్యి మండినట్టయింది.

సాయంత్రం యాదయ్య ఖాళీ చేయించమన్నాడు. సునీలదీ అదే మాట. "పాపమే అత్తమ్మా. కాని ఆ రేకు కింద నా కొడుక్కు ఊపిరాడకపోతే?"

మరియమ్మ మాత్రం వాళ్లను పొమ్మనలేదు. సహ్రాను, పిల్లను వెంటబెట్టుకుని పట్నంలో పెద్ద దవాఖానకు పోయింది. మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ మందు చిన్నదే రాసింది. "చప్పుడు ఎందుకొస్తదో ముందే చూపించండి. భయం ఒక్కనాడు పోదు," అంది.

తెల్లారి మరియమ్మ హోదన్‌ను క్వారీకి తీసుకుపోయింది. ఆ పిల్ల ఆమె చెయ్యి పట్టుకోలేదు. ఎటు తీసుకుపోతుందోనని అడుగడుగునా వెనక్కి చూసుకుంటూ నడిచింది. కావలి ముత్తయ్య ఎర్రజెండా ఊపి విజిల్ ఊదాడు. కూలీలంతా దూరం జరిగారు. తూటా పేలింది. హోదన్ నేలకు కరుచుకుపోయింది. దుమ్ము సద్దుమణిగాక తలెత్తితే, కూలీలు చాయ్ తాగుతూ కనపడ్డారు. వాళ్లను ఒక్కొక్కరినే చాలాసేపు చూసింది, ఎవరైనా తగ్గారేమోనన్నట్టు.

జబ్బు నయమైపోలేదు. చప్పుడైనప్పుడల్లా ఇంకా ముడుచుకునేది. కాని విజిల్ వినపడితే ముందుగానే వచ్చి మరియమ్మ పక్కన కూర్చునేది. మరియమ్మ కూడా ప్రిన్స్‌ను ఆ పిల్లతో ఒంటరిగా వదిలింది లేదు. జాలి జాలే, జాగ్రత్త జాగ్రత్తే.

వానలు పడ్డాక సహ్రా తమ్ముడికి పట్నంలో గది దొరికి, వాళ్లు వెళ్లిపోయారు. ఆటో ఎక్కేముందు హోదన్ ప్రిన్స్ వైపు చేతులు చాపింది. సునీల కాసేపు తటపటాయించి, పిల్లాణ్ణి ఆమె చంకకెత్తింది. ఒక చెయ్యి మాత్రం వాడి వీపు మీదినుంచి తియ్యలేదు.