గోడకు తలనొప్పి

ఆ పదహారేళ్ల గోల్‌కీపరును జట్టంతా 'గోడ' అని పిలిచేవారు. బంతి ఆమెను దాటి పోదని కోచ్ పెట్టిన పేరు అది. బట్టలు కుట్టే ఆమె తల్లికి ఆ పేరు వింటే కడుపు నిండిపోయేది. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకుని మురిసిపోయేది.

బుధవారం ఆటలో గోడ తల గోల్‌పోస్టుకు గట్టిగా తగిలింది. కాసేపు కదల్లేదు. కోచ్ వచ్చి ఆ పిల్ల మొహాన నీళ్లు చల్లి, "లే, దులుపుకో" అన్నాడు. ఆమె లేచి చివరిదాకా ఆడింది. అందరూ చప్పట్లు కొట్టారు, తల్లి కూడా కొట్టింది. మనమూ అక్కడుంటే కొట్టేవాళ్లమే. ఆ చప్పట్లు తలుచుకుంటే ఆ తల్లికి ఇప్పటికీ తనమీద తనకే ఒళ్లు మండుతుంది.

మర్నాడు బొత్తాలు కుట్టడానికి కూర్చున్న పిల్ల ఒకే చోట, ఒకదాని పక్కన ఒకటి, రెండు బొత్తాలు కుట్టేసింది. తల్లి నవ్వబోయి ఆగిపోయింది.

"ఏమైందే?"

"లైటు ఆర్పెయ్యవా అమ్మా. కళ్లలో గుచ్చుకుంటోంది. నిన్నటి నుంచీ తలనొప్పి, పొద్దున వాంతి కూడా అయింది."

"మరి చెప్పవేం?"

"ఆటయ్యాక సార్‌కి చెప్పా. గోడకి తలనొప్పేంటే అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వా."

తల్లి కుడుతున్న బట్ట అక్కడే వదిలేసి కూతుర్ని ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ స్కాన్ చూసి ఏమీ లేదంది.

"ఏమీ లేదంటే లోపల రక్తం కారలేదని అర్థం. మెదడు అదిరింది. ఆ అదురు స్కాన్‌లో కనపడదు. రెండ్రోజులు విశ్రాంతి. తర్వాత మెల్లగా నడక, చదువు, ఆపైన పరుగు. నేను సరేనన్నాకే ఆట. ఇది మానకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు. నొప్పి పెరిగినా, వాంతులు ఆగకపోయినా, మత్తుగా పడున్నా వెంటనే తీసుకురండి."

ఆదివారం ఫైనల్. శనివారం మధ్యాహ్నం కోచ్ ఇంటికి వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. ఆరేళ్లుగా ఆ పిల్లకు ఆట నేర్పినవాడు.

"స్కాన్‌లో ఏమీ లేదన్నారటగా. సెలెక్టర్లు వస్తున్నారమ్మా. ఈ ఒక్క ఆట. గోడ లేకపోతే ఓడిపోతాం."

"ఓడిపోండి సార్" అంది తల్లి. "ఆ పేరు చూసుకుని నేనూ ఎగిరాను. గోడ పగిలితే మళ్లీ కట్టుకోవచ్చు. దీనికున్నది ఒక్క తల."

కోచ్ ఆమెను వదిలేసి, గుమ్మంలో నిలబడ్డ పిల్ల వైపు తిరిగాడు. "నీకు ఆడాలని లేదా?"

"చచ్చేంత ఉంది సార్. అందుకే రేపు ఆడను."

కోచ్ వెళ్లిపోయాడు. ఆదివారం జట్టు ఓడింది, సెలెక్టర్లు వేరే పిల్లను ఎంచుకున్నారు. ఆ రాత్రి గోడ వెక్కి వెక్కి ఏడ్చింది. నెల తిరిగినా డాక్టరమ్మ పరుగు వరకే ఒప్పుకుంది. పిల్ల భవిష్యత్తు పాడుచేశావని వీధిలో ఒకావిడ దెప్పితే, తల్లి తల దించుకోలేదు.

"అవును, నేనే ఆపాను. మళ్లీ తగిలితే మళ్లీ ఆపుతాను. పిల్ల తల పట్టుకుందంటే ఆట అక్కడే ఆగాలి, మీ పిల్లదైనా సరే. ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు."