మూడోది

చర్చిలో బలిపీఠం మీద పరిచే తెల్లగుడ్డను ఇస్త్రీ చేయడానికి ఒక పద్ధతి ఉంది. నీళ్ళు చిలకరించి, అంచుల నుంచి నడిమికి రావాలి. నిలువుగా మూడు మడతలు, అడ్డంగా మూడు మడతలు వేయాలి. విప్పితే తొమ్మిది గళ్ళు కనబడాలి. పెళ్ళై వచ్చిన పంతొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం ఉదయం ఆ పని ఆమెదే. గుడి వార్షికోత్సవంలో పూలు తెచ్చినవాళ్ళకూ మైకు సర్దినవాళ్ళకూ చప్పట్లు కొట్టిస్తారు. గుడ్డలు మాత్రం వాటంతట అవే ఉతుక్కుని, మడతపడి, నడుచుకుంటూ పీఠమెక్కుతాయని అందరి నమ్మకం. విశ్వాసుల సంఘం కదా, నమ్మకానికేం లోటు.

ఈ ఆదివారం ఆమె ఇస్త్రీ ఇంకా సగంలోనే ఉంది. వంటింటి గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. పూజకు ఇంకా ముప్పావుగంటే ఉంది.

"నిన్న ఫాదరుగారి దగ్గర నా పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేశాను. ముందు నిన్ను క్షమాపణ అడగమన్నారు. నువ్వు క్షమించానన్నాకే సత్ప్రసాదం పంచాలట. అడుగుతున్నాను. క్షమించానని ఒక్క మాట అనేస్తే వెళ్తాను."

అతను ఆ గుడికి ఉపదేశి. వారమంతా పిల్లలకు జ్ఞానోపదేశం చెబుతాడు, ఆదివారం ఫాదరుగారి పక్కన నిలబడి సత్ప్రసాదపు అప్పం పంచుతాడు. ఒక్క పూట ఆ చోటు ఖాళీగా ఉంటే ఎందుకు, ఏమిటి అని గుడంతా గుసగుసలు పోతుంది. అతని కంగారంతా ఆ గుసగుసల గురించేనని ఆమెకు తెలుసు.

గురువారం సాయంత్రం వసారాలో అతను పిల్లలకు పాఠం చెబుతున్నాడు. మంచి పాపసంకీర్తనానికి ఐదు కావాలంటూ వేళ్ళు మడిచాడు. ఆత్మశోధన, పశ్చాత్తాపం, పాపాలు చెప్పుకోవడం, ప్రాయశ్చిత్తం. ఒక వేలు మిగిలిపోయింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు, మళ్ళీ మిగిలింది. లోపల గిన్నెలు తోముతున్న ఆమె ఏళ్ళ తరబడి ఆ పాఠం వింటూనే ఉంది. నోరు ఊరుకోలేదు. "మూడోది మర్చిపోయారు. ఇక చేయనన్న నిశ్చయం" అని అందించింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. వాళ్ళు చెప్పులేసుకుని వెళ్ళేదాకా ఆగి, అతను లోపలికొచ్చి చెంప మీద కొట్టాడు. ఆ విసురుకు ఆమె దవడ అలమర అంచుకు తగిలి చీరుకుపోయింది. చిన్నపిల్లల ముందు తన పరువు తీసిందట. ఆ పిల్లల్లో ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళు ఎవరూ లేరు.

ఇప్పుడు అలవాటు కొద్దీ ఆమె పెదవులు విచ్చుకున్నాయి. పర్లేదులెండి. ఆ మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పెళ్ళైన ఏడాది అతను పళ్ళెం విసిరేసినప్పుడు అంది. తనను తండ్రి సమాధి దగ్గరికి వెళ్ళనివ్వనప్పుడు అంది. అతను ఒక్కసారి కూడా తప్పయిందనలేదు, ఆమె మాత్రం పర్లేదు అనడం మానలేదు. అడగని క్షమాపణలన్నిటికీ ముందే ఇచ్చేసిన జవాబది. దాన్నే తను ఇన్నాళ్ళూ క్షమించడం అనుకుంది. అనుకున్న కొద్దీ లోపల ఏదో గడ్డకడుతూనే వచ్చింది.

ఆమె ఇస్త్రీ పెట్టెను నిలబెట్టింది.

"ఏం చేశారని క్షమించాలి?"

అతను అర్థం కానట్టు చూశాడు. నీకు తెలీదా అన్నాడు.

"నాకు తెలుసు. దేవుడికీ తెలుసు. అయినా ఏ పాపమో, ఎన్నిసార్లో నోటితో చెప్పాలనే కదా పిల్లలకు నేర్పుతున్నారు."

అతని ముక్కుపుటాలు అదిరాయి. చేయి గుమ్మం చెక్కను గట్టిగా పట్టుకుంది. ఆమె తల వంచలేదు. పక్కగదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. దేవుడే క్షమించాక నీకేమిటమ్మాయ్, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని. దెబ్బ తిన్న తను కంద కాక కత్తిపీట ఎలా అయిందో ఆమెకు బోధపడలేదు. గుడ్డను తొమ్మిది గళ్ళకూ మడిచి, సంచిలో పెట్టుకుని, అతనికంటే ముందే బయలుదేరింది.

గుడిలో ఇద్దరూ ఎప్పటిలా ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ముందు బెంచీలో గురువారం నవ్విన పిల్లలు. పరలోక జపం మొదలైంది. మేము ఇతరులను మన్నించినట్టే మమ్మల్ని మన్నించమని అడిగే చోటికి వచ్చేసరికి ఆమె పలకడం ఆపేసింది. మన్నించానని అబద్ధమాడి సత్ప్రసాదం తీసుకోవడం చేతకాదు. తీసుకోకుండా ఇంటికి వెళ్ళడమూ చేతకాదు. వారమంతా ఆమె ఎదురుచూసేది ఆ ఒక్క క్షణం కోసమే, పీఠం మీద గుడ్డలు కూడా అందుకే ఉతుకుతుంది. తను కొట్టించుకుని తనే పాపిలా నిలబడినందుకు ఒళ్ళు మండిపోయింది.

శాంతి కోరుతూ ఒకరికొకరు సమాధానం చెప్పుకోమన్నారు ఫాదరుగారు. గుడంతా చేతులు కలిసిన చప్పుడు. అది ముగియగానే అతను పీఠం దగ్గరికి వెళ్ళాలి. అతను ఆమెవైపు తిరిగి చేయి చాపాడు. ఆమె అందుకోలేదు. వెనక బెంచీవాళ్ళు చూస్తున్నారు. అతని మెడ మీద చెమట పట్టింది.

"కొట్టాను," అన్నాడు సన్నగా. "నాలుగుసార్లో, ఐదుసార్లో. నా తప్పే. క్షమించు."

లెక్క సగానికి సగం తక్కువ. అయినా పంతొమ్మిదేళ్ళలో ఆ మాట అతని నోట వినడం అదే మొదలు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పర్లేదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

గురువారం వంటింట్లోంచి పలికిన గొంతుతోనే, అంతకంటే పెంచకుండా, తగ్గించకుండా, పిల్లల బెంచీ మొత్తం వెనక్కి తిరిగి చూసేలా అంది.

"మూడోది మళ్ళీ మర్చిపోయారు."